దేనిలో ఆరో వంతు?

ఇది కొన్నేళ్ళ క్రితం ఇల్లందులో ఒక ఇంట్లో జరిగిన సంగతి. ఇంటి యజమాని బొగ్గు గనిలో పనిచేసిన మనిషి. ఆయన కన్నుమూసేనాటికి భార్య, ఒక కొడుకు, ముసలి తల్లిదండ్రులు ఉన్నారు. జనాజా అయిన కొన్ని వారాలకు దగ్గరి పెద్దలు కూర్చుని మీరాస్ లెక్క వేశారు. నేనూ ఒక మూల కూర్చున్నాను.

అప్పులూ ఖర్చులూ పోను మిగిలిన సొమ్ము 7,20,000 రూపాయలు. భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు, మిగిలినది కొడుక్కి. ఈ వాటాలు అందరికీ తెలుసు, తప్పేమీ లేదు. కాగితం పట్టుకున్న పెద్దమనిషి ముందు భార్య వాటా 90,000 తీశారు. 6,30,000 మిగిలింది. అందులో ఆరో వంతు 1,05,000 తల్లి పేర రాశారు. అప్పుడు మిగిలిన 5,25,000లో ఆరో వంతు 87,500 తండ్రి పేర రాశారు. ఆఖరున ఉన్న 4,37,500 కొడుక్కి. కింద గీత గీసి అన్నీ కూడితే 7,20,000 సరిగ్గా వచ్చింది. అందరూ తృప్తిగా తలలూపారు.

తెర వెనక నుంచి ముసలమ్మ అడిగింది: “నాకూ ఆరో వంతే, ఆయనకూ ఆరో వంతే అన్నారు కదా బాబూ, మరి ఆయనకు తక్కువెందుకు వచ్చింది?”

ఆమెకు చదువు రాదు. అక్కడున్న చదువుకున్నవాళ్ళం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

తప్పు ఎక్కడుందో ఈపాటికి మీరు పట్టే ఉంటారు. తల్లికి చెందవలసింది మొత్తంలో ఆరో వంతు. ఆయన ఇచ్చింది మిగిలినదానిలో ఆరో వంతు. 7,20,000లో ఆరో వంతు 1,20,000. తల్లికి 15,000 తగ్గింది, తండ్రికి 32,500 తగ్గింది. ఆ రెండూ కలిసిన 47,500 కొడుకు వాటాలో చేరింది. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు. కొడుకు కూడా అడగలేదు. ఐదారు తరగతుల్లో నేర్వవలసిన భిన్నాల కూడిక సరిగా రాకపోవడం వల్ల కొడుకును పోగొట్టుకున్న ముసలివాళ్ళ హక్కు వాళ్ళకు తెలియకుండానే కరిగిపోబోయింది. ఆ రోజే కాగితం చింపి మళ్ళీ రాశారు, అల్‌హమ్దులిల్లాహ్.

నేను పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ రోజు నుంచి భిన్నాల పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను. ఇళ్ళలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివించే తల్లిదండ్రుల కోసం ఆ తీరునే ఇక్కడ రాస్తున్నాను.

మొదట చిన్న తప్పుతో మొదలుపెడదాం. 1/2 కు 1/3 కలపమంటే చాలామంది పిల్లలు పైవి పైవి కూడి, కిందవి కిందవి కూడి 2/5 అని రాస్తారు. మా అన్న కూతురు కూడా అలాగే రాసింది. “తప్పు” అని కొట్టేసి క.సా.గు. పద్ధతి మళ్ళీ వల్లె వేయించడం తేలిక. కాని అలా చేస్తే పరీక్ష అయ్యాక మరిచిపోతారు. నేను ఆ పిల్లను ఇలా అడిగాను: “పొద్దున సగం రొట్టె తిన్నావు. సాయంత్రం ఇంకొంచెం తిన్నావు. మొత్తం కలిపితే సగం కంటే ఎక్కువ తిన్నట్టా, తక్కువ తిన్నట్టా?” “ఎక్కువే కదా చాచా!” అంది. “మరి 2/5 సగం కంటే ఎక్కువా?” కాసేపు వేళ్ళు మడిచి చూసుకుంది. ఐదింటిలో సగం రెండున్నర. రెండు అంతకంటే తక్కువ. తిన్నకొద్దీ రొట్టె పెరిగిందన్నమాట! నవ్వి తనే కొట్టేసింది. ముందు జవాబు ఎంత ఉండవచ్చో ఊహించి, తర్వాత లెక్క చేయడం పిల్లలకు అలవాటు చేయండి. రొట్టె లెక్కల్లో ఇంకో మెలిక ఉంది, అదీ చెప్పండి. సగం పెద్ద రొట్టె, మూడో వంతు చిన్న రొట్టె తింటే ఆ రెంటినీ 1/2 + 1/3 అని కలపడానికి వీల్లేదు. రెండు భిన్నాలూ ఒకే మొత్తానికి చెందినవైతేనే కూడిక.

భిన్నంలో కింద ఉన్న హారం ముక్క ఎంత పెద్దదో చెబుతుంది. పైనున్న లవం అలాంటి ముక్కలు ఎన్నో చెబుతుంది. వేర్వేరు సైజు ముక్కల్ని కలిపి లెక్కపెట్టడం కుదరదు కాబట్టి అన్నింటినీ ఒకే సైజులోకి కోయాలి. క.సా.గు. అంటే ఇంతే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో భిన్నాలను ఇలా ఒకే హారానికి తెచ్చే పద్ధతిని చెప్పాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ పాఠం తెలుగులో దాదాపు వెయ్యేళ్ళుగా ఉంది.

మన తాతలు ఈ పని రోజూ చేసేవారు, పేరు తెలియకుండానే. రూపాయికి పదహారు అణాలు. పావలా అంటే నాలుగణాలు, బేడ అంటే రెండణాలు. పావలా, బేడ కలిపితే ఎంత? ఆరణాలు. ఆ జవాబు చెప్పిన తాత నిజానికి 1/4 కు 1/8 కలిపాడు; రెంటినీ పదహారో వంతుల్లోకి మార్చి 4/16 + 2/16 = 6/16 అన్నాడు. 1957లో నయాపైసలు వచ్చాక పిల్లలకు ఆ సాధన పోయింది. అయినా కొట్లో అరకిలో, పావుకిలో, అర్ధపావు ఇంకా ఉన్నాయి. అరకిలో కందిపప్పు, పావుకిలో శనగపప్పు, అర్ధపావు మినపప్పు తెస్తే సంచిలో బరువెంత? 4/8 + 2/8 + 1/8, అంటే 7/8 కిలో. 875 గ్రాములు. పిల్లల్ని కొట్టుకు పంపేటప్పుడు అడగండి, పుస్తకం తెరవక్కర్లేదు.

మక్తబ్‌కు వెళ్ళే పిల్లలకైతే ఇంకో దారి ఉంది. మన దేశంలో అచ్చయ్యే పారాల అంచుల్లో రుబ్అ, నిస్ఫ్, సలాసా అని గుర్తులుంటాయి. పావు, సగం, ముప్పావు. ఫజ్ర్ తర్వాత మొదటి నుంచి రుబ్అ దాకా చదివి, అసర్ తర్వాత ఇంకో అరపారా చదివిన పిల్లవాడు ఎక్కడ ఆగుతాడు? 1/4 + 1/2 = 3/4. సలాసా గుర్తు దగ్గర వేలు పెట్టి చూపిస్తాడు. జవాబు సరైనదో కాదో పారాయే చెబుతుంది.

బక్రీద్ నాటి లెక్క కాస్త కఠినం. ఒక ఇంట్లో ఖుర్బానీ మాంసం 12 కిలోలు. మధ్యాహ్నానికి పేదలకు మూడో వంతు పంచారు, బంధువులకు నాలుగో వంతు పంపారు. ఇంకా ఎంత ఉంది? 1/3 + 1/4 = 4/12 + 3/12 = 7/12. మిగిలింది 5/12, అంటే 5 కిలోలు. ఇక్కడ ఆగి పిల్లల్ని ఒక మాట అడగండి: “బంధువులకు ఇచ్చింది మొత్తంలో నాలుగో వంతా, మిగిలినదానిలో నాలుగో వంతా?” మిగిలిన 8 కిలోల్లో నాలుగో వంతైతే రెండే కిలోలు, మొత్తంలో నాలుగో వంతైతే మూడు కిలోలు. ఒక్క మాట తేడాతో కిలో మాంసం తేడా. పాఠ్యపుస్తకాల్లోని రాత లెక్కల్లో పిల్లలు బోల్తా పడేది సగానికి సగం ఇక్కడే. “మొత్తం అనే మాట కనిపిస్తే కూడు, మిగిలింది అనే మాట కనిపిస్తే తీసెయ్” అని కొందరు గుర్తులు నేర్పుతారు. ఆ అలవాటు నాకు నచ్చదు. మాటల్ని వేటాడే పిల్లవాడు లెక్కను చదవడు. “దేనిలో?” అని అడిగే పిల్లవాడు చదువుతాడు.

ఇక మీరాస్ దగ్గరకు వద్దాం. అన్నిసా సూరాలోని 11, 12, 176 వాక్యాల్లో వచ్చే నిర్ణీత వాటాలు ఆరు: సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు; మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు. మొదటి మూడూ ఒక వరస, సగానికి సగం తగ్గుతూ పోతాయి. రెండో మూడూ అలాగే. మొదటి వరసకు తాతల అణాలు సరిపోతాయి. పదహారును రెండు, నాలుగు, ఎనిమిది భాగాలు చేయవచ్చు. రెండో వరసకు అణాలు పనికిరావు, పదహారణాల్లో మూడో వంతు నికరంగా రాదు. రెండు వరసలూ కలిసి వస్తే ఏ సంఖ్య కావాలి? ఎనిమిదీ మూడూ రెండూ భాగించే చిన్న సంఖ్య 24.

ఇల్లందు పిల్లలకు 24 తెలిసిన సంఖ్యే. ఈ ఊరిని పెద్దలు బొగ్గుట్ట అనేవారు. 1871లో విలియం కింగ్ ఈ చుట్టుపక్కలే బొగ్గును గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది; సింగరేణి కథ ఇక్కడే పుట్టింది. బొగ్గు గనుల ఊళ్ళలో రోజు మూడు షిఫ్టులు. రోజుకు 24 గంటలు, షిఫ్టుకు 8 గంటలు. షిఫ్టు అంటే రోజులో మూడో వంతని గని కార్మికుడి బిడ్డకు వేరే చెప్పాలా? అందుకని నేను మీరాస్ వాటాలను గంటల్లో చెబుతాను. సగం 12 గంటలు. నాలుగో వంతు 6. ఎనిమిదో వంతు 3. మూడింట రెండు వంతులు రెండు షిఫ్టులు, 16 గంటలు. మూడో వంతు 8. ఆరో వంతు 4. ఆరు వాటాలూ పూర్తి గంటల్లోనే పడ్డాయి, ఒక్క నిమిషం విడిగా మిగల్లేదు.

ఇప్పుడు ఆ ఇంటి లెక్క మళ్ళీ చేయండి. భార్య 3 గంటలు, తల్లి 4, తండ్రి 4. మొత్తం 11. అంటే 3/24 + 4/24 + 4/24 = 11/24. మిగిలిన 13/24 కొడుక్కి. 7,20,000ను 24 భాగాలు చేస్తే ఒక్కో భాగం 30,000. భార్యకు 90,000. తల్లికి 1,20,000, తండ్రికి 1,20,000. కొడుక్కి 3,90,000. ఇవీ కూడితే 7,20,000 వస్తాయి. కాని తప్పు లెక్కలోనూ అదే మొత్తం వచ్చిందని మరవకండి. మిగిలిందంతా చివరివాడికి రాస్తే ఏ లెక్కయినా కుదురుతుంది. కాబట్టి కూడిక కుదిరిందని సంతోషపడకుండా, ఒక్కొక్కరి వాటాను మొత్తంతో విడివిడిగా పోల్చి చూడాలి.

కొడుకుతోపాటు ఒక కూతురు కూడా ఉండి ఉంటే? కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. 13 ను మూడు భాగాలు చేయాలి, కుదరదు. అప్పుడు 24 ను 3 తో హెచ్చించి 72 చేస్తాం. భార్య 9, తల్లి 12, తండ్రి 12, కొడుకు 26, కూతురు 13. కూడండి: 72. ఒక్కో భాగం 10,000 కాబట్టి కూతురి వాటా 1,30,000. “ఆడపిల్లకు పెళ్ళిలో పెట్టాం కదా” అని ఈ అంకెను చెరిపేసే ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. పెళ్ళిలో పెట్టింది తండ్రి బతికుండగా ఇచ్చిన కానుక. ఈ లెక్కలో దానికి గడి లేదు.

మొత్తం అంటే ఏది అన్నది కూడా తేల్చుకోవాలి. చనిపోయినాయన వదిలింది 8,00,000 అనుకుందాం. అంత్యక్రియల ఖర్చు 10,000, చేతి అప్పు 40,000, భార్యకు చెల్లించకుండా ఉండిపోయిన మహర్ 30,000. మహర్ కూడా అప్పే. ఈ 80,000 తీశాకే 7,20,000 అవుతుంది. ఆ తర్వాత, వీలునామా ఏదైనా ఉంటే అది మూడో వంతుకు మించకుండా, ధర్మం అనుమతించినంత మేరకు తీయాలి. అప్పుడు మిగిలినదే భిన్నాలకు “మొత్తం”. మహర్ సొమ్మును ఎనిమిదో వంతులోనే కలిపేసి “నీ వాటా ఇచ్చేశాం” అంటే ఆ విధవరాలికి ఇచ్చింది ఒకటి, ఎగవేసింది ఒకటి.

“మిగిలినదానిలో” అనే మాట మీరాస్‌లో ఎక్కడా ఉండదా అంటే, ఉంటుంది. ఒక స్త్రీ చనిపోయి భర్త, తల్లి, తండ్రి మాత్రమే ఉంటే భర్తకు సగం పోగా మిగిలినదానిలో మూడో వంతు తల్లికని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు చెప్పారు. అంటే 1/2 లో 1/3, మొత్తంలో ఆరో వంతు. తండ్రికి మూడో వంతు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒప్పుకోలేదు, తల్లికి మొత్తంలోనే మూడో వంతు అన్నారు. అప్పుడు తండ్రికి ఆరో వంతే వస్తుంది. అధిక సంఖ్యాక ధర్మపండితులు మొదటి తీర్పునే అనుసరించారు. అంతటి మహనీయులు చర్చించుకున్నది సరిగ్గా మన ప్రశ్నే: దేనిలో మూడో వంతు?

కూడిక ఒకటి దాటిపోతే ఏం చేయాలి? పిల్లలు దీన్ని అపక్రమ భిన్నం అంటారు. ఒక రొట్టెలో 27/24 వంతులు పంచడం ఎలా? హజ్రత్ అలీ (రజి) మింబర్ మీద ఖుత్బాలో ఉండగా ఇలాంటి ప్రశ్న వచ్చిందని చెబుతారు. అందుకే పండితులు దాన్ని మింబరియ్యా అంటారు. భార్య, ఇద్దరు కూతుళ్ళు, తల్లి, తండ్రి. గంటల్లో లెక్కపెట్టండి: 3 + 16 + 4 + 4 = 27. రోజుకు 24 గంటలే ఉన్నాయి! అలీ (రజి) వెంటనే, భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతయిందని జవాబిచ్చారట. హారాన్ని 24 నుంచి 27కు పెంచారు. 3/27 అంటే 1/9. లోటును ఏ ఒక్కరి నెత్తినా వేయకుండా అందరి వాటాలూ ఒకే నిష్పత్తిలో తగ్గించడమన్నమాట. దీన్ని ఔల్ అంటారు. ఉమర్ (రజి) కాలంలో భర్త, ఇద్దరు అక్కచెల్లెళ్ళు మిగిలిన కేసులో 1/2 + 2/3 = 7/6 వస్తే ఇలాగే ఏడు భాగాలు చేసి మూడు భర్తకు, నాలుగు అక్కచెల్లెళ్ళకు ఇచ్చారు. నాలుగు సున్నీ మజ్‌హబులూ దీన్ని అంగీకరించాయి, షియా ఫిఖ్హ్ అంగీకరించలేదు. ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్దంలో రాసిన అల్‌జబర్ గ్రంథంలో దాదాపు సగం వీలునామాల, వారసత్వపు లెక్కలే. మన పిల్లలు హైస్కూల్లో భయపడే ఆల్జీబ్రా అనే మాట ఆ గ్రంథం పేరులోంచే వచ్చింది.

పనిలో పనిగా పదిహేడు ఒంటెల కథ సంగతి కూడా. పెద్ద కొడుక్కి సగం, రెండోవాడికి మూడో వంతు, మూడోవాడికి తొమ్మిదో వంతు అని తండ్రి రాసిపోతే, అలీ (రజి) తన ఒంటెను కలిపి పద్దెనిమిది చేసి 9, 6, 2 పంచి, మిగిలిన తన ఒంటెను తోలుకుపోయారని బయానుల్లో చెబుతుంటారు. పిల్లలకు చెప్పండి, సరదాగా ఉంటుంది. కాని కూడించండి: 1/2 + 1/3 + 1/9 = 9/18 + 6/18 + 2/18 = 17/18. తండ్రి మొత్తం పంచనేలేదు, పద్దెనిమిదో వంతు వదిలేశాడు, కిటుకు అదే. అంతకంటే ముఖ్యం, మీరాస్‌లో కొడుకులందరికీ సమాన వాటాలు. వారసుడి పేర వీలునామా రాయడాన్ని దైవప్రవక్త (స) వారించారు. కాబట్టి ఇది మంచి పొడుపు లెక్కే గాని, మీరాస్‌కు ఉదాహరణ కాదు. అలీ (రజి) గారి తెలివికి మింబరియ్యా చాలు.

ఇంట్లో నిజంగా పంపకం వచ్చినప్పుడు కాగితాన్ని ఫరాయిజ్ తెలిసిన ఆలిమ్‌కు తప్పక చూపించండి. ఎవరుంటే ఎవరి వాటా మారుతుందో, ఎవరికి ఆగిపోతుందో ఆ వివరం ఈ పాఠంలో లేదు. ఇక్కడ చెప్పింది కూడిక వరకే.

పిల్లలకు ఒక లెక్క ఇస్తున్నాను. ఒక స్త్రీ చనిపోయింది. అప్పులన్నీ పోను 3,60,000 రూపాయలున్నాయి. వారసులు భర్త, తల్లి, ఒక కొడుకు. భర్తకు నాలుగో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలింది కొడుక్కి. ఎవరికెంత? ఇక్కడ 24 కూడా అక్కర్లేదు, 12 చాలు: 3/12 + 2/12 = 5/12, కొడుక్కి 7/12. భర్తకు 90,000, తల్లికి 60,000, కొడుక్కి 2,10,000 రావాలి. మీ పిల్లవాడి పలకమీద తల్లి వాటా 45,000 అని ఉంటే కోప్పడకండి. భర్త వాటా తీశాక మిగిలిన 2,70,000లో ఆరో వంతు తీశాడన్నమాట. “దేనిలో?” అని ఒక్కసారి అడిగి, పలక తుడిచి ఇవ్వండి.